చిన్న ట్రాక్టరుకు ట్రాలీ: దిగుడులో తేలే లెక్క

పాత చిత్తూరు జిల్లా, అంటే 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాల మధ్య విడిపోక ముందున్న చిత్తూరు జిల్లా, తూర్పు నుంచి పడమటికి మెట్టు మీద మెట్టుగా పైకి లేస్తుంది. శ్రీకాళహస్తి, పుత్తూరు, తిరుపతి పరిసరాల పల్లపు నేల సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల లోపే ఉండగా, చిత్తూరు పట్టణం సుమారు 330 మీటర్ల ఎత్తున, పలమనేరు, మదనపల్లె పట్టణాలు 700 మీటర్లకు కొంచెం తక్కువ ఎత్తున మైసూరు పీఠభూమి అంచు మీద ఉన్నాయి. ఈ మెట్ల మధ్య దారులే మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ వంటివి. ఘాట్ రోడ్డు దాకా పోనవసరం లేని పల్లెల్లో కూడా గుట్టవారగా వేసిన మామిడి తోటలు, వంకల్లోకి దిగి మళ్లీ ఎక్కే మట్టి బాటలు, కల్వర్టు దగ్గర ఒక్కసారిగా మలుపు తిరిగే తారు రోడ్లు ఉండనే ఉన్నాయి. చిన్న ట్రాక్టరుకు ఎలాంటి ట్రాలీ తగిలించాలన్న ప్రశ్నకు చదునైన డెల్టా నేలలో వచ్చే జవాబు ఇక్కడ సరిపోదు.

చిన్న ట్రాక్టరు, అంటే వాడుకలో మినీ ట్రాక్టరు, 15 నుంచి 27 హార్స్‌పవర్ల ఇంజనుతో నడిచే యంత్రం. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717, వీఎస్‌టీ శక్తి, కుబోటా నియోస్టార్ ఈ తరగతిలోవే. పొలాల్లో మామూలుగా కనిపించే 45, 50 హార్స్‌పవర్ల ట్రాక్టరు రెండు టన్నుల అటూ ఇటూ తూగుతుంటే, వీటిలో చాలావాటి బరువు ఆరు వందల నుంచి తొమ్మిది వందల కిలోల లోపే ఉంటుంది. పది మీటర్ల ఎడంతో నాటిన పాత మామిడి తోటలో ఎకరాకు 40 చెట్లు పడితే, ఐదు మీటర్ల ఎడంతో నాటిన సాంద్ర పద్ధతి తోటలో 160 పడతాయి. అంత దగ్గరి వరసల మధ్య, నేలకు వంగిన కొమ్మల కింద దూరగలగడమే చిన్న ట్రాక్టరు విలువ. జూన్, జూలై నెలల్లో తోతాపురి కోతకు వచ్చినప్పుడు అదే ట్రాక్టరు ట్రాలీ తగిలించుకుని తోట నుంచి దామలచెరువు, బంగారుపాళ్యం మండీలకో, చిత్తూరు చుట్టుపక్కల ఉన్న గుజ్జు పరిశ్రమలకో కాయను చేరవేస్తుంది.

ట్రాలీ కొనబోయే రైతు వెల్డింగ్ షెడ్డులో సాధారణంగా అడిగే ప్రశ్న ఈ బండి ఎన్ని టన్నులు లాగుతుందని. లాగడం గురించిన ఈ ప్రశ్నకు వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఆశాజనకంగానే ఉంటుంది కనుకనే అది ప్రమాదకరమైన ప్రశ్న. ట్రాలీ పరిమాణాన్ని నిర్ణయించవలసింది ట్రాక్టరు ఎంత బరువును దిగుడులో ఆపగలదన్న లెక్క, ఆ బరువు కింద ముందు చక్రాలు నేలను ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాయన్న లెక్క. ఈ రెండింటికీ ఇంజను హార్స్‌పవర్లతో సంబంధం చాలా తక్కువ, ట్రాక్టరు సొంత బరువుతో సంబంధం చాలా ఎక్కువ.

ముందుగా లాగే లెక్కను చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఎనిమిది వందల కిలోల ట్రాక్టరు వెనుక, సరుకుతో కలిపి రెండు టన్నులు తూగే ట్రాలీ ఉందనుకుంటే మొత్తం 2,800 కిలోలు. చక్రం రోడ్డు మీద దొర్లేటప్పుడు టైరు నలగడం వల్ల పుట్టే అడ్డంకిని దొర్లుడు నిరోధం అంటారు, అది తారు రోడ్డు మీద బరువులో దాదాపు నూటికి రెండు వంతులు. కొండ ప్రాంతపు రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సాధారణ పరిమితిగా పెట్టిన వాలు ఇరవైకి ఒకటి, అంటే ఇరవై మీటర్లు సాగితే ఒక మీటరు ఎత్తు మారుతుంది. అలాంటి ఎక్కుడులో బరువులో మరో నూటికి ఐదు వంతులు వెనక్కి లాగుతుంది. రెండూ కలిపి ఏడు వంతులు, అంటే 196 కిలోల బలం కావాలి. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఆ బలాన్ని అందించడానికి తొమ్మిది హార్స్‌పవర్ల లోపే సరిపోతుంది కాబట్టి 15 హార్స్‌పవర్ల బండి రెండు టన్నులను నిబ్బరంగా పైకి లాగుతుంది, కింది గేరులో ఇంకా ఎక్కువే లాగుతుంది. షెడ్డులో చెప్పే మాట అబద్ధం కాదు, సగం మాట మాత్రమే.

మిగతా సగం దిగుడులో ఉంది. మన దేశంలో అమ్ముడయ్యే ట్రాక్టర్లలో అత్యధికం వెనుక చక్రాలకు మాత్రమే బ్రేకులున్నవి, పల్లె షెడ్లలో తయారయ్యే చిన్న ట్రాలీల్లో ఎక్కువ భాగానికి బ్రేకులే ఉండవు. అంటే 2,800 కిలోల మొత్తాన్ని ఆపే భారం ట్రాక్టరు వెనుక టైర్లు రెండింటిదే అవుతుంది. టైరు రోడ్డును పట్టుకునే బలం ఆ టైరు మీద పడే బరువును మించి ఉండదు, పొడి తారు మీద ఆ బరువులో పదింట ఏడు వంతుల దాకా, తడిసి ఎర్రమట్టి పూసిన తారు మీద పదింట నాలుగు వంతుల దాకా మాత్రమే ఉంటుంది. వెనుక చక్రాల మీద ఐదు వందల కిలోలు పడుతున్నాయనుకుంటే, పొడి రోడ్డు మీద 350 కిలోల బలం, తడి రోడ్డు మీద 200 కిలోల బలం బ్రేకుకు అందుతాయి. పెడల్‌ను ఎంత గట్టిగా తొక్కినా అంతకు మించి రాదు, చక్రం బిగిసిపోయి జారుతుంది. ఇరవైకి ఒకటి దిగుడులో వాలు ముందుకు నెట్టే బలం 140 కిలోలు, దానిలోంచి దొర్లుడు నిరోధం 56 కిలోలు తీసేస్తే, వేగం పెరగకుండా నిలబెట్టడానికే 84 కిలోల బలం ఖర్చయిపోతుంది. బండిని ఆపడానికి మిగిలేది ఆ తరువాతిదే.

ఆ మిగులుతో లెక్క కడితే, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో దిగుతున్న ఒంటి ట్రాక్టరు పొడి రోడ్డు మీద బ్రేకు పడిన తరువాత నాలుగు మీటర్లలో ఆగుతుంది. రెండు టన్నుల ట్రాలీ వెనుక ఉంటే అదే ట్రాక్టరు ఆగడానికి 17 మీటర్లు కావాలి. జూలై వాన పడి రోడ్డు తడిస్తే 38 మీటర్లు కావాలి, ట్రాలీ బరువును మూడు టన్నులకు పెంచితే 70 మీటర్లు కావాలి. వేగం 20 నుంచి 30 కిలోమీటర్లకు పెరిగితే చలన శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, తడి రోడ్డు మీద రెండు టన్నులతోనే ఆగే దూరం 38 నుంచి దాదాపు 86 మీటర్లకు పోతుంది. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి కాలు బ్రేకు మీద పెట్టేలోగా సాగే దూరం ఇందులో కలపలేదు. ఇవి స్థూలమైన అంకెలే అయినా, వంక దిగుడులో కల్వర్టు మలుపు కనిపించేది ఎంత దూరం నుంచో తెలిసిన రైతుకు వాటి అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఎక్కుడులో ఇబ్బంది లేకుండా లాగిన బండి తిరుగు దారిలో అదే వాలులో అదుపు తప్పడంలో వింతేమీ లేదు.

ట్రాలీకే సొంత బ్రేకులు ఉంటే ఈ లెక్క మొత్తం మారిపోతుంది, ఎందుకంటే అప్పుడు ట్రాలీ చక్రాల మీద ఉన్న బరువు కూడా రోడ్డును పట్టుకోవడానికి పనికొస్తుంది. ఆ బ్రేకులు సగం సామర్థ్యంతో పనిచేసినా పైన చెప్పిన 38 మీటర్ల దూరం తొమ్మిది మీటర్లకు తగ్గుతుంది. చిన్న ట్రాలీకి అందుబాటులో ఉండే మేలైన ఏర్పాటు ఓవర్‌రన్ బ్రేకు. ఇందులో ట్రాలీ ముందుభాగాన ఉండే లాగుడు కడ్డీ ఒక గొట్టంలో కొద్దిగా ముందుకూ వెనక్కూ జరిగేలా ఉంటుంది. ట్రాక్టరు వేగం తగ్గగానే వెనుక నుంచి ట్రాలీ నెట్టుకొచ్చి ఆ కడ్డీ లోపలికి పోతుంది, ఆ కదలికే ఒక మీట ద్వారా ట్రాలీ చక్రాల బ్రేకులను బిగిస్తుంది. ట్రాలీ ఎంత నెడితే బ్రేకు అంత పడుతుంది, డ్రైవరు వేరుగా చేయవలసిందేమీ లేదు. వెనక్కి నడిపేటప్పుడు కూడా కడ్డీ లోపలికే పోతుంది కనుక, అప్పుడు బ్రేకు పడకుండా ఆపే చిన్న చీల ఒకటి ఉంటుంది. దాన్ని తిరిగి తీయడం మరిచిపోతే బ్రేకు ఉండీ లేనట్టే. కొత్త ట్రాలీ చేయించుకునేవారు ఇరుసుకు లారీ డ్రమ్ము బ్రేకులు, చేతితో లాగే నిలుపుడు బ్రేకు పెట్టించుకోవడానికి అయ్యే ఖర్చు ట్రాలీ మొత్తం ధరలో చిన్న భాగమే. రంగులకూ పేర్లకూ పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే మేలు.

ట్రాలీకి బ్రేకులు లేనప్పుడు ట్రాక్టరు ఆగుతున్నా ట్రాలీ ఆగదు, వెనుక నుంచి నెడుతూ ట్రాక్టరు తోకను పక్కకు తోసేస్తుంది. అప్పుడు రెండూ కొక్కెం దగ్గర మడత కత్తిలా ముడుచుకుపోతాయి. ట్రాక్టరుకు ఎడమ, కుడి వెనుక చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉండడం ఈ ముప్పును పెంచుతుంది. పొలంలో చాలు చివర గిరుక్కున తిరగడానికి పనికొచ్చే ఆ ఏర్పాటు, రోడ్డు మీద రెండు పెడళ్లనూ కలిపే గడియ పెట్టకపోతే, ఒక్క చక్రాన్నే బిగించి బండిని అడ్డం తిప్పుతుంది. ఇక డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసే అలవాటు అన్నిటికంటే చెడ్డది. గేరులో ఉన్న ఇంజను చక్రాలను వెనక్కి పట్టి ఉంచుతుంది, న్యూట్రల్‌లో ఆ పట్టు పోయి మొత్తం భారం బ్రేకు లైనింగుల మీద పడి అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న డ్రైవర్ల పాత మాటలో భౌతికశాస్త్రం పూర్తిగా ఉంది.

రెండో లెక్క ముందు చక్రాలది. ట్రాలీలు ప్రధానంగా రెండు రకాలు. నాలుగు చక్రాల ట్రాలీ తన బరువంతా తన ఇరుసుల మీదే మోస్తుంది, ముందు ఇరుసు తిరిగే చట్రం మీద ఉంటుంది, ట్రాక్టరు దాన్ని లాగుతుందే తప్ప మోయదు. రెండు చక్రాల ట్రాలీకి ఒకటే ఇరుసు ఉండడం వల్ల దాని బరువులో కొంత భాగం ముందుకు, ట్రాక్టరు కొక్కెం మీదికి వస్తుంది. ఎద్దుల బండి కట్టిన తరానికి ఇది కొత్త విషయం కాదు. సరుకు ముందుకు పేరిస్తే కాడి ఎద్దుల మెడ మీద నొక్కుకుంటుందని, వెనక్కి పేరిస్తే నొగ పైకి లేచి బండి మొగ్గుతుందని వారికి అనుభవం. తేడా ఏమిటంటే ఎద్దు మెడ భారాన్ని వెంటనే చెబుతుంది, ట్రాక్టరు చెప్పదు.

కొక్కెం మీద పడే బరువు మితంగా ఉంటే మంచిదే. అది వెనుక చక్రాలను నేలకు అదిమి పట్టు పెంచుతుంది. బ్రిటన్‌లో 1946లో కొవెంట్రీలో తయారీ మొదలైన ఫెర్గూసన్ టీఈ-20 అనే తేలికైన ట్రాక్టరుకు ఆ సంస్థ ట్రాలీ ఇరుసును కావాలనే వెనక్కి జరిపి రూపొందించింది. సరుకు బరువు కొంత ట్రాక్టరు వెనుక చక్రాల మీద పడితే, ట్రాక్టరుకు ఇనుప దిమ్మలు కట్టకుండానే పట్టు వస్తుందన్నది హ్యారీ ఫెర్గూసన్ ఆలోచన. అయితే కొక్కెం వెనుక ఇరుసుకు అవతల ఉంటుంది కనుక, అక్కడ పడే బరువు తూకపు కాడలాగా ముందు చక్రాలను పైకి లేపుతుంది కూడా. 780 కిలోల ట్రాక్టరులో ముందు చక్రాల మీద 270 కిలోలు, ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం మీటరున్నర, వెనుక ఇరుసుకు అర మీటరు వెనుక కొక్కెం అనుకుంటే, కొక్కెం మీద పెట్టే ప్రతి మూడు కిలోలకూ ముందు చక్రాల మీద ఒక కిలో తగ్గుతుంది. రెండు వందల కిలోలు పెడితే 67 కిలోలు, నాలుగు వందలు పెడితే 133 కిలోలు తగ్గుతాయి. ఎక్కుడులో ట్రాలీని లాగే బలం, ట్రాక్టరు వెనక్కి వాలడం కలిసి మరో 50 కిలోలకు పైగా తీసేస్తాయి. స్టీరింగు చెప్పినట్టు వినాలంటే ట్రాక్టరు బరువులో కనీసం ఐదో వంతు, అంటే ఈ ట్రాక్టరుకు 156 కిలోలు, ముందు చక్రాల మీద నిలిచి ఉండాలన్నది ఇంజనీర్లు పాటించే కొలత. ఆ ప్రకారం ఈ ట్రాక్టరు కొక్కెం మీద దాదాపు రెండు వందల కిలోలే హద్దు. రెండు టన్నుల ట్రాలీకి అది పదో వంతు, అంటే ఇరుసు తొట్టి మధ్య నుంచి కొంచెం మాత్రమే వెనక్కి ఉండాలి. పెద్ద ట్రాక్టరు కోసం చేసిన రెండు చక్రాల ట్రాలీని చౌకగా వచ్చిందని చిన్నదానికి తగిలిస్తే ఈ హద్దు మొదటి లోడుకే దాటిపోతుంది.

దీన్ని కాగితం మీద కాకుండా కళ్లారా చూసుకునే మార్గం ఒకటుంది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు, బెల్లం మండీల దగ్గర వేబ్రిడ్జి ఉంటుంది. లోడు చేసిన ట్రాలీ తగిలించిన ట్రాక్టరును ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపితే వచ్చే అంకె ముందు చక్రాల మీద ఉన్న బరువు. ట్రాలీ లేకుండా ఒకసారి, లోడుతో ఒకసారి తూచి పోల్చుకుంటే చాలు. ట్రాక్టరు ఇరుసుల మీద విడివిడిగా పడే బరువులు మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ చేసే పరీక్షల నివేదికల్లో కూడా ఉంటాయి. రాయలసీమలోనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది, ట్రాక్టరు నడపడంలో, నిర్వహణలో అక్కడ శిక్షణ ఇస్తారు.

కొక్కెం ఎత్తు కూడా ప్రాణాంతకమైన విషయమే. లాగుడు ఎప్పుడూ వెనుక ఇరుసు కంటే కిందనే జరగాలి. గొలుసునో తాడునో ఇరుసుకు పైన, సీటు వెనుక ఉండే టాప్ లింకు రంధ్రానికి తగిలించి బురదలో దిగబడిన ట్రాలీని లాగబోతే, వెనుక చక్రాలు కదలనప్పుడు ఇంజను బలం ట్రాక్టరు ముందుభాగాన్నే పైకి లేపి డ్రైవరు మీద బోర్లా వేస్తుంది. కొక్కెంలో వేసే పిన్ను దాని కొలతకు సరిపోయినదై, కింద చీల పెట్టినదై ఉండాలి. పోయిన పిన్ను స్థానంలో దొరికిన కడ్డీ ముక్కనో బోల్టునో దూర్చి నడిపితే, గుంతల్లో ఎగిరెగిరి అది అరిగి వంగి ఏదో ఒక ఎక్కుడులో ఊడుతుంది. పిన్ను ఊడినా ట్రాలీ విడిపోకుండా పట్టే భద్రతా గొలుసు లేని ట్రాలీని తీసుకోకపోవడమే మంచిది.

తొట్టి కొలతల సంగతి. ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు పక్కపలకలు ఉన్న తొట్టి లోపలి ఘనపరిమాణం సుమారు 1.7 ఘనమీటర్లు. దానిలో పలకల మట్టానికి మామిడికాయ నింపితే కాయల మధ్య ఖాళీలు పోగా టన్ను అటూ ఇటూ వస్తుంది, అదే తొట్టిలో తడి ఇసుక నింపితే మూడు టన్నులు దాటుతుంది. సీజనులో కాయకు వాడిన ట్రాలీనే తరువాత ఇంటి పనికి ఇసుకకూ కంకరకూ వాడడం సహజం కనుక, పక్కపలకల లోపలివైపు ఇసుకకు ఇంతవరకే అన్న గీత ఒకటి రంగుతో గీయించుకోవడం సులువైన రక్షణ. కాయకు ఎత్తు పలకలు కావాలంటే తీసి పెట్టుకునే జాలీ పలకలు మేలు. వేసవిలో మామిడి మొక్కలకు నీళ్లు తోలే ట్యాంకరుది మరో సమస్య. నిండు ట్యాంకరు కంటే సగం నిండిన ట్యాంకరు ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు నీరంతా ముందుకు, మలుపులో పక్కకు ఒరిగి గురుత్వ కేంద్రాన్ని, అంటే బరువంతా ఒకచోట కూడినట్టు లెక్కించే బిందువును, తనతో పాటు జరుపుతుంది. లోపల అడ్డుపలకలు వెల్డు చేసిన ట్యాంకరునే తీసుకోవాలి. వెయ్యి లీటర్ల నీరంటే టన్ను బరువు కనుక, చిన్న ట్రాక్టరుకు వెయ్యి, పన్నెండు వందల లీటర్లకు మించిన ట్యాంకరు తగదు.

జాకీతో పైకి లేచి సరుకును కుమ్మరించే హైడ్రాలిక్ ట్రాలీ ఎరువుకూ మట్టికీ సౌకర్యమే కానీ, కాయకు పనికిరాదు, కుమ్మరిస్తే దెబ్బతిన్న కాయ మర్నాటికే మెత్తబడుతుంది. పక్కకు వాలిన గుట్టవార నేల మీద తొట్టిని లేపితే ట్రాలీ పక్కకు పడిపోయే అవకాశం ఎక్కువ. తోటలో తిరగడానికి ట్రాలీ వెడల్పు ట్రాక్టరు వెనుక చక్రాల వెడల్పును ఎక్కువగా మించకూడదు, తొట్టి మట్టం ఎంత కిందికి ఉంటే కొమ్మలకూ మలుపులకూ అంత మేలు.

చట్టం దృష్టిలో ట్రాలీ కూడా మోటారు వాహనమే. వ్యవసాయ ట్రాలీల నిర్మాణానికి ఐఎస్ 8213 అనే భారతీయ ప్రమాణం ఉంది. అనుమతించిన మొత్తం బరువును మించి తోలితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద, 2019 సవరణ తరువాత, ఇరవై వేల రూపాయలు, అదనపు టన్నుకు రెండు వేల రూపాయలు జరిమానా. అంతకంటే ముఖ్యమైనది వెనుక ఎర్ర దీపాలూ, మెరిసే పట్టీలూ. చిత్తూరు, పలమనేరు మధ్య రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్లతో వచ్చే కారుకు, 15 కిలోమీటర్లతో పోతూ మట్టి కొట్టుకున్న ట్రాలీ చీకట్లో ఆగి ఉన్న గోడతో సమానం. సెకనుకు 18 మీటర్ల చొప్పున రెండిటి మధ్య దూరం తరిగిపోతుంది.

చిన్న ట్రాక్టరునే మరో వాహనం మీద ఎక్కించి ఊరు మార్చవలసిన సందర్భాలూ ఉంటాయి. అద్దెకు దున్నేవారు పది, ఇరవై కిలోమీటర్లు రోడ్డు మీద నడిపి టైర్లు అరగదీసే బదులు పికప్ వ్యాను మీద వేసుకుపోతారు. 780 కిలోల ట్రాక్టరుకు 200 కిలోల రోటవేటరు కలిస్తే దాదాపు టన్ను కనుక, ముప్పావు టన్ను మోసే చిన్న వ్యాను సరిపోదు, టన్నున్నర మోసే పికప్ కావాలి. అసలు ముప్పు ఎక్కించేటప్పుడు ఉంది. 85 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యాను మట్టానికి రెండున్నర మీటర్ల పలకలు ఆనిస్తే వాలు 20 డిగ్రీలు వస్తుంది. రోటవేటరు లేని ట్రాక్టరు వెనక్కి పల్టీ కొట్టాలంటే 40 డిగ్రీల వాలు కావాలి, రోటవేటరు తగిలించి ఉంటే దాని బరువు వెనక్కి లాగడం వల్ల ఆ హద్దు 24 డిగ్రీలకు దిగిపోతుంది. మిగిలిన నాలుగు డిగ్రీల తేడాను క్లచ్ ఒక్కసారి దడాలున వదిలితే కలిగే కుదుపు మింగేస్తుంది. అందుచేత రోటవేటరును విప్పి వేరుగా ఎక్కించాలి, పలకలు మూడున్నర మీటర్లకు తగ్గకుండా ఉండాలి, ట్రాక్టరును రివర్సు గేరులో వెనుక చక్రాలు పైకి ఉండేలా ఎక్కించాలి. అప్పుడు బరువైన వెనుకభాగం వాలులో పైన ఉంటుంది, ఇంజను కుదుపు ముందు చక్రాలను లేపే బదులు పలకలకు అదుముతుంది. పైకి చేరాక ట్రాక్టరు గురుత్వ కేంద్రం వ్యాను వెనుక ఇరుసుకు కొంచెం ముందుగా వచ్చేలా నిలిపి, గేరులో పెట్టి, నిలుపుడు బ్రేకు బిగించి, నాలుగు మూలలకూ నాలుగు గొలుసులు ఎదురెదురు దిశల్లో లాగి కట్టాలి. తాళ్లు సాగుతాయి, అందుకే గొలుసులు. మొదటి రెండు, మూడు కిలోమీటర్ల ప్రయాణంలో టైర్లు కుదురుకుని గొలుసులు వదులవుతాయి, ఆ దూరం పోయాక బండి ఆపి మళ్లీ బిగించాలి.